హైక్యాప్ అమ్మొద్దు, బాగు చేయించు

బుజ్జీ,

నీ పాత నెయిమ్ కంపెనీ హైక్యాప్, అదే ప్రీయాంప్‌కి (పాట సిగ్నల్‌ని మొదట అందుకుని పవర్ యాంప్‌కి పంపే పెట్టెకి) కరెంటిచ్చే పవర్ సప్లై, అమ్మేసి కొత్తది కొనాలా, దాన్నే బాగు చేయించాలా అని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను. నా మాట ముందే చెప్తున్నా: అమ్మొద్దు.

ఆ పెట్టెలో బరువంతా గుండ్రటి టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌దే. రాగి తీగ, ఇనప కోరు. మాడిపోనంత కాలం దానికి వయసుతో పని లేదు. దాని పక్కన ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్, డబ్బాల్లాంటి కెపాసిటర్లు, చివర 24 వోల్టులు నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్లు. గోడలో వచ్చే కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 అలలు. రెక్టిఫయర్ దాటేసరికి అది 100 హెర్ట్జ్ అలలవుతుంది. వాటిని చదును చేసేది కెపాసిటర్లే. ప్రీయాంప్‌లో తిరిగే సిగ్నల్ చాలా చిన్నది కాబట్టి, సప్లైలో ఏ కాస్త గరుకు మిగిలినా పాటలోకి వచ్చేస్తుంది.

ముసలితనం వచ్చేది ఆ కెపాసిటర్లకే. లోపలి ద్రవం మెల్లగా ఎండిపోతుంది. డబ్బా మీద 85 డిగ్రీలు అని ఉందనుకో, 2,000 గంటల రకం అనుకో. పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు అని మా లెక్క. అంటే 45 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. నెయిమ్ వాడే మీవాళ్లంతా ఆ సిస్టమ్‌ని రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంచుతారు, ఏడాదికి 8,760 గంటలు. మంచి సరుకు ఈ లెక్కకంటే ఎన్నో ఏళ్లు ఎక్కువే మన్నుతుంది. కానీ నీది 1990లలో ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో తయారైంది. ఇన్నేళ్లలో ఎవరూ మార్చకపోతే దాని అసలు సత్తా నువ్వింకా వినలేదనే అర్థం.

హమ్, అదే గుయ్‌మనే మోత, వస్తోందన్నావు. పాట ఆపి, చెవి ముందు పెట్టె దగ్గర పెట్టు, తర్వాత స్పీకర్ దగ్గర. పెట్టె గుయ్‌మంటుంటే అది ట్రాన్స్‌ఫార్మర్, ఎక్కువసార్లు మెయిన్స్‌లోని తేడా వల్ల. కొత్తది కొన్నా అదే గోడకు పెడతావు కదా, అదీ గుయ్‌మనొచ్చు. స్పీకర్‌లో వస్తుంటేనే కెపాసిటర్లనో, ఎర్తింగ్‌నో అనుమానించాలి.

కంపెనీ 2012లో డీఆర్ అని కొత్త రెగ్యులేటర్ తెచ్చింది. పాతవాటిలో ఉండే ఎల్‌ఎం317 చిప్ బదులు విడివిడి ట్రాన్సిస్టర్లతో కట్టినది. సర్వీసుకి ఇచ్చేటప్పుడే సీరియల్ నంబరు చెప్పి, నీదానికి అది వేస్తారేమో అడుగు. వేస్తామంటే, ఎలాగూ పెట్టె విప్పుతారు కాబట్టి ఆ డబ్బు దండగ కాదు. ఖర్చు భారమైతే కెపాసిటర్లు మాత్రం మార్పించుకుని కొన్నాళ్లు విను. నేనైతే అదే చేస్తాను. ముందు ఉన్నది ఆరోగ్యంగా ఎలా పలుకుతుందో తెలియాలి, లేకపోతే కొత్తదాంట్లో ఏం మెరుగైందో నీకెలా తెలుస్తుంది?

కొత్తది కొనక తప్పనిది ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు, లేదా నువ్వు ప్రీయాంపే మార్చి దానికి ఈ సప్లై సరిపోనప్పుడు.

నువ్వు మాత్రం మూత తీయకు. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. చేసేవాడు పనివాడో కాదో కూడా చూసుకో. పని అయ్యాక మొదటిసారి నేరుగా సాకెట్‌లో పెడతాడా, సీరీస్ బల్బు మీద, అంటే కరెంటు దారిలో మధ్యన ఒక బల్బు పెట్టి, ఆన్ చేస్తాడా అని అడుగు. బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి మందగిస్తే అంతా సవ్యం. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. బల్బు లేకుండా పెడితే ఆ షార్ట్‌కి ట్రాన్స్‌ఫార్మర్ బలైపోవచ్చు, మనం కాపాడుకోవాలనుకుంటున్నది దాన్నే.

వెనక వైపు సీరియల్ నంబరు ఫోటో తీసి పంపు. ఎంత అడిగారో కూడా చెప్పు. సగం నేను వేస్తాను, మొహమాటపడకు.

మీ నాన్న