బడితోటకు వారానికి రెండు పీరియడ్లు ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను పరకాల దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. పదహారేళ్లుగా చిన్న తరగతులకే చెబుతున్నాను, నాలుగు, ఐదు తరగతుల పరిసరాల విజ్ఞానం ఎక్కువగా నాకే వస్తుంది. జూన్‌లో బడులు తెరుస్తారనగా పేపర్లలో పుస్తకాలు, యూనిఫాంలు, కూలిపోయేలా ఉన్న గదులు, టీచర్ల ఖాళీల గురించి వార్తలు వస్తాయి, అవన్నీ రావాల్సినవే. బడితోట గురించి మాత్రం వానాకాలంలో మొక్క నాటుతున్న ఫొటో ఒకటి వస్తుంది, తర్వాత ఆ మొక్క ఏమైందో ఎవరూ రాయరు. నేను అడిగేది ఒక్కటే. బడితోటను టైంటేబుల్‌లో పెట్టండి, వారానికి రెండు పీరియడ్లు, సైన్స్ కిందే. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, అయినా వేయండి.

ముందు ఒక చేదు సంగతి. ఇంతకుముందు నేను పనిచేసిన బడిలో, ఆఫీసర్లు వస్తున్నారని తెలిసి రెండు రోజుల ముందు నర్సరీ నుంచి ట్రాలీ నిండా కవర్ల మొక్కలు దింపించారు. కూలీలతో గుంతలు తీయించారు, చుట్టూ సున్నంతో గీత గీయించారు, బోర్డు రాయించారు. పిల్లలు తొక్కుతారని అటు పోనివ్వలేదు. వచ్చినవాళ్లు చూశారు, ఫొటో దిగారు, వెళ్లిపోయారు. దసరా సెలవులైపోయి వచ్చేసరికి బోర్డు నిలబడే ఉంది, మొక్కలున్న చోట మేక పెంటికలు ఉన్నాయి. అంతకన్నా నాకు గుర్తుండిపోయింది ఏమిటంటే, ఆ ఫొటో రోజున రెండో తరగతి పిల్ల ఒకతి నా కొంగు పట్టుకుని "ఆ తోట ఎవరిది మేడమ్" అని అడిగింది. మనదే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడున్న బడిలో 62 మంది పిల్లలు. తోటకు దొరికిన జాగా గుంటలో సగం కూడా ఉండదు, చేతులు కడుక్కునే నల్లాల పక్కన ఎప్పుడూ బురదగా ఉండి దోమలు ముసిరే చోటు. ఆ నీళ్లకు చిన్న కాలువ తీసి అరటి పిలకలకు మళ్లించాం, బురద పోయింది, ఆ పక్కనే మడులు వేసుకున్నాం. స్థలం లేదని చాలామంది అంటారు కానీ కేంద్రం 2019 అక్టోబర్‌లో బడితోటల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, పెద్ద స్థలం అక్కర్లేదని, లేని చోట కుండల్లో, డబ్బాల్లో, సంచుల్లో కూడా పెంచుకోవచ్చని.

మన దగ్గర మృగశిర కార్తె, బడి తెరిచే జూన్ 12 దాదాపు ఒకేసారి వస్తాయి. ఇంట్లో నాన్న విత్తనాలు తెచ్చుకునే రోజుల్లోనే పిల్లలు బ్యాగులు సర్దుకుంటారు కాబట్టి విత్తనం పాఠానికి అంతకన్నా మంచి సమయం ఇంకోటి లేదు. మొదటి వారమే పిడికెడు బొబ్బెర్లు, పిడికెడు మక్కలు తడిగుడ్డలో కట్టించాను. మొలకలొచ్చాక బొబ్బెర గింజ రెండు బద్దలుగా విడిపోతే మక్క గింజ విడిపోలేదు. ఏకదళ బీజం, ద్విదళ బీజం అనే మాటలు నేను బోర్డు మీద రాసేసరికే వాళ్ల చేతుల్లో ఉన్నాయి.

అసలు పాఠం ఆగస్టులో దొరికింది. వాన పడి నేల మెత్తబడ్డాక ఒక బొబ్బెర చెట్టును వేర్లతో సహా తీశాం. గుంజితే పనికిరాదు, కావాల్సింది మట్టిలోనే తెగిపోతుంది, అందుకని చుట్టూ తవ్వి మట్టిగడ్డతోనే లేపి బకెట్ నీళ్లలో ముంచాం. మట్టి కరిగిపోయాక వేర్ల నిండా సగ్గుబియ్యం గింజల్లాంటి బుడిపెలు తేలాయి. "వేరుకు పురుగు పట్టింది మేడమ్" అన్నాడొకడు. ఒక బుడిపెను గోటితో చీల్చి చూడమన్నాను. లోపల లేత ఎరుపు. అందరూ ఒకరి మీద ఒకరు పడి చూశారు. అది రోగం కాదని, ఆ బుడిపెల్లో రైజోబియం అనే బ్యాక్టీరియా ఉంటుందని, గాలిలో 78 శాతం ఉన్న నత్రజనిని పట్టి చెట్టుకు తిండిగా మార్చి ఇస్తుందని, బదులుగా చెట్టు దానికి చక్కెర ఇస్తుందని, లోపల ఎరుపుగా ఉందంటే అది పనిచేస్తోందని అర్థమని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఐదో తరగతి పిల్లవాడు "అంటే దీనికి యూరియా బస్తా అక్కర్లేదా మేడమ్" అన్నాడు. యూరియా వేసేదీ నత్రజని కోసమే. 2025 వానాకాలంలో యూరియా కోసం మన రైతులు ఎట్లా లైన్లు కట్టారో మీ అందరికీ తెలుసు, ఆ పిల్లవాడి నాన్న కూడా ఆ లైన్లో నిలబడ్డాడు, అందుకే ఆ ప్రశ్న వాడి నోటి నుంచి వచ్చింది. ఇంకో పిల్ల ఇంటికెళ్లి తాతను అడిగి వచ్చింది, పత్తిలో కంది సాళ్లు ఎందుకు వేసేవాడివని, కంది కూడా బొబ్బెర లాంటి పప్పుజాతి పంటే కదా. పుస్తకంలో చదివించి ఉంటే ఇంత దూరం పోయేవాళ్లా?

అదే బొబ్బెర మడికి తర్వాత పేనుబంక పట్టింది, రసం పీల్చే చిన్న చిన్న పురుగులు. లేత కొమ్మల మీద నల్లగా అంటుకుపోయింది, పిల్లలు మందు కొడదామన్నారు, ఇళ్లలో చూసేది అదే కదా. వద్దు, మూడు రోజులు చూద్దామన్నాను. రెండో రోజు ఎర్రటి అక్షింతల పురుగులు వచ్చాయి, వాటితో పాటు నల్లగా, ముళ్లు ముళ్లుగా ఉండే చిన్న పురుగులు కూడా. ఆ నల్ల పురుగును ఒకడు కాలితో నలపబోతే ఆపి, ఇది అక్షింతల పురుగు పిల్లే, బంకను తినేది ఎక్కువగా ఇదే అని చెప్పి భూతద్దం ఇచ్చాను. పేనును పట్టుకుని నమలడం కళ్లారా చూశారు. మిగిలిపోయిన బంక మీద వేపగింజల కషాయం కొట్టాం, లీటరు నీళ్లకు 50 గ్రాముల గింజల పొడి లెక్కన, రాత్రంతా నానబెట్టి వడగట్టి. మందు డబ్బా మాత్రం బడి ఆవరణలోకి రాకూడదని మొదటి రోజే రూల్ పెట్టుకున్నాం.

ఆనిగెపు తీగ, అదే సొర తీగ, సంగతి కూడా చెప్పాలి. పందిరి నిండా తెల్లపూలు, ఒక్క కాయ లేదు. పూలన్నీ రాలిపోతున్నాయని పిల్లలకు టెన్షన్, నీళ్లు తక్కువయ్యాయని ఒకరు, ఎవరిదో దిష్టి తగిలిందని ఒకరు. పూల వెనక చూడమన్నాను. కొన్నింటికి సన్నటి కాడ మాత్రమే ఉంది, కొన్నింటికి పువ్వు కిందే వేలెడంత పిందె ఉంది. మగపువ్వు, ఆడపువ్వు అలా దొరికాయి. ఈ తీగకు మొదట వచ్చేవి ఎక్కువగా మగపూలే, అవి రాలడం సహజం. పైగా ఆనిగెపు పువ్వు విచ్చేది సాయంత్రం, బడి వదిలాక. అందుకని బడి దగ్గర్లో ఇళ్లున్న నలుగురు పొద్దుగూకే వేళ వచ్చి మగపువ్వు తెంపి ఆడపువ్వుకు తాకించి, గుర్తుకు ఎర్రదారం కట్టారు. దారం కట్టిన ఐదు పిందెల్లో మూడు నిలిచాయి. ఆ మూడు కాయలకు వాళ్లు రోజూ వేళ్లతో కొలత పెట్టారు, నోట్‌బుక్‌లో రాసుకున్నారు, అది చూసి మా లెక్కల సార్ గ్రాఫ్ గీయించాడు.

ఇక తిండి సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉంది. మా ఒకటో తరగతిలో చేరేది ఆ పిల్లలే. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు పెట్టాలని లెక్క. బియ్యం కాకుండా మిగతా వంట ఖర్చుకు 2025 మే నుంచి పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు. పప్పు, నూనె, కూరగాయలు, కట్టెలో గ్యాసో, అన్నీ అందులోనే. టమాట ధర పెరిగిన నెలలో, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని వంట అక్క ఏం చేస్తుంది, చారులో నీళ్లు పోస్తుంది. నేను ఆమెను తప్పుపట్టను.

మా 62 మందికి 50 గ్రాముల చొప్పున రోజుకు 3 కిలోల 100 గ్రాములు కావాలి. ఈ లెక్క నాలుగో తరగతి పిల్లలే కట్టారు. ఒక మంగళవారం కొయ్యగూర, పాలకూర కలిపి కోసి తూస్తే 2 కిలోల 400 గ్రాములు తూగింది, ఇంకా 700 గ్రాములు కొనాలని వాళ్లే వెళ్లి వంట అక్కకు చెప్పారు. ఆకు ఏరడం ఆమెకు అదనపు పని అవుతుందని ముందు ఒప్పుకోలేదు, ఆ మాట న్యాయమే, అందుకని ఏరే పని పిల్లలు, నేను తీసుకున్నాం. కోసి కడగకూడదు, కడిగి కోయాలి, ఉడికించిన నీళ్లు పారబోయకూడదు, ఎందుకంటే సి విటమిన్ నీళ్లలో కరిగిపోతుంది. కూర వడ్డించేటప్పుడు నిమ్మరసం పిండితే ఆకుల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, అదే అన్నం తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదు. ఇంటికి పోయి అమ్మకు చెప్పాల్సిన పాఠం ఇది, చెప్పారు కూడా, ఒకామె వచ్చి "నా చాయ్ బంద్ పెట్టించింది నీ బడి" అని నవ్వింది.

మా దగ్గర ఒక పిల్లవాడున్నాడు, మూడో తరగతి. పప్పులో ఆకు కనిపిస్తే ఒక్కొక్కటీ వేలితో ఏరి పళ్లెం అంచుకు పెట్టేవాడు, పొద్దున పది రూపాయల చిప్స్ పాకెట్ తిని వచ్చేవాడు కాబట్టి ఆకలి కూడా ఉండేది కాదు. ఆ మంగళవారం మడికి నీళ్లు పోసే వంతు వాడి జట్టుది. పళ్లెం ముందు కూర్చుని ఏరబోయి ఆగాడు, పక్కవాడితో "ఇది మన మడిలోదేరా" అన్నాడు, తిన్నాడు. రెండోసారి అడిగాడు. అందరూ అట్లా మారారని చెప్పను, కాకరకాయ ఇప్పటికీ సగం మంది వదిలేస్తారు. ఆకుకూరతోనే రక్తహీనత పోతుందని కూడా అనను, వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర, ఫిబ్రవరిలో, ఆగస్టులో వేసే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయాల్సిందే. కానీ తాను పోసిన నీళ్లతో పెరిగిన ఆకును పిల్లవాడు వేరుగా చూస్తాడు, ఇది నేను రోజూ చూస్తున్న సంగతి.

తల్లిదండ్రుల్లో కొందరు "చదువుకు పంపితే మట్టి పని చేయిస్తారా" అని అడిగారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. వాళ్లు చదువుకున్న రోజుల్లో బడిలో నీళ్లు మోసింది, ఊడ్చింది ఏ ఇళ్ల పిల్లలో వాళ్లు మరిచిపోలేదు. అందుకే మా దగ్గర ఆడ మగ, ఈ వాడ ఆ వాడ తేడా లేకుండా అందరికీ వంతు ఉంటుంది, శిక్షగా ఎవర్నీ తోటలోకి పంపం, టీచర్ కూడా చెప్పులు విడిచి మడిలో దిగుతుంది. పీరియడ్ టైంటేబుల్‌లో ఉంటే ఇది పాఠమని వాళ్లకూ కనిపిస్తుంది. ఇప్పుడైతే నేను లంచ్‌లోంచి, ఆటల పీరియడ్‌లోంచి దొంగిలించి చేస్తున్నాను, ఆటలు పోగొట్టడం పిల్లలకు అన్యాయం.

కోతుల సంగతి చెప్పకపోతే ఉత్తర తెలంగాణలో ఎవరూ నన్ను నమ్మరు. టమాటలు, దోసకాయలు ఒక్కటి మిగల్లేదు. మా దగ్గర పుంటికూర, కాకర జోలికి రాలేదు కాబట్టి ఈసారి వాటినే ఎక్కువ వేస్తున్నాం. దసరాకు, సంక్రాంతికి నీళ్లు పోయడానికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఇద్దరు తల్లులు ఒప్పుకున్నారు, కోసుకున్న ఆకు వాళ్లకే. ఏప్రిల్ చివర సెలవులిచ్చేసరికి మడులు ఖాళీ అయ్యేలా చివరి విడత మార్చి మొదట్లోనే వేసుకుంటే ఎండాకాలం బెడద ఉండదు.

విద్యాశాఖ వాళ్లకు నా విన్నపం. ఎన్ని మొక్కలు నాటారో ఫొటో పంపమని అడగడం ఆపి, ఈ నెల తోటలో ఏ పాఠం చెప్పారు, ఎన్ని కిలోలు వంటగదికి వెళ్లింది అని అడగండి. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతులకు పది రోజులు పుస్తకాల బ్యాగు లేకుండా పెట్టమన్నారు, దాన్ని ఐదో తరగతి దాకా దించి తోటకు కలపండి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం, వరంగల్, పొలాస వ్యవసాయ పరిశోధన స్థానాలు మన దగ్గరే ఉన్నాయి, ఏడాదికి ఒక్కసారి అక్కడి శాస్త్రవేత్త ఒకరు మండల టీచర్ల మీటింగ్‌కు వచ్చి మట్టి గురించి, విత్తనం గురించి గంట మాట్లాడితే మాకు చాలు.

పోయినసారి తీసిన విత్తనం మా దగ్గర మిగిలింది. బొబ్బెర్లు, పుంటికూర, కొయ్యగూర, ఒక పిల్ల ఇంటి నుంచి తెచ్చిన చపాటా మిర్చి గింజలు కొన్ని, అదే 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి. పిల్లలు కాగితం పొట్లాలు కట్టి పేర్లు రాసి పెట్టారు. పరకాల వైపు వచ్చే టీచర్లు ఎవరైనా జూన్ మొదటి వారంలో అడిగితే ఇస్తాం.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
పరకాల మండలం, హనుమకొండ జిల్లా