విత్తనం బిల్లు మీద లాట్ నంబరు రాయించండి: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి,

నమస్కారం. మీది టెక్కలి నియోజకవర్గం, మాది నరసన్నపేట మండలం. ఎదలంటే (నేరుగా విత్తనం చల్లడం) ఏమిటో, ఉభాలంటే (నాట్లు) ఏమిటో మీకు చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. విత్తనం కొన్న ప్రతి రైతుకూ దుకాణంలో ఇచ్చే బిల్లు మీద రకం పేరు, లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన విత్తనానికి ఇచ్చే గుర్తు నంబరు), పరీక్ష తేదీ తెలుగులో ఉండాలి. అవి లేకుండా బిల్లు రాసే దుకాణం లైసెన్సు ఆగాలి. నేను అడిగేది ఇదే. ఇంతమాత్రానికి బహిరంగ లేఖ ఎందుకయ్యా అంటారేమో, చెబుతాను.

చట్టాలకు కొదవ లేదు. 1966లో విత్తన చట్టం వచ్చింది, 1968లో దాని నియమాలు, 1983లో విత్తన నియంత్రణ ఉత్తర్వు. లేబుల్ మీద ఏమేం ఉండాలో అప్పుడే రాసిపెట్టారు. పంట, రకం, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం, స్వచ్ఛత, బరువు, ఎవరి సరుకో వాళ్ళ చిరునామా. వరి అయితే నూటికి కనీసం 80 గింజలు మొలవాలి, మినుము, పెసర 75, వేరుశనగ 70. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు. కంపెనీ తన పూచీ మీద తానే అమ్ముకునేదానికి లేత ఆకుపచ్చ లేబుల్. ఈ రెండు రంగులకూ తేడా తెలిసినవాళ్ళు మా ఊళ్ళో నలుగురుంటే గొప్ప. నీలం ట్యాగు వెనక పొలం తనిఖీ, ల్యాబు పరీక్ష ఉంటాయి. ఆకుపచ్చ లేబుల్ వెనక ఉండేది అమ్మేవాడి మాట. అది నేరమేమీ కాదు, చట్టం ప్రకారం లేబుల్ తప్పనిసరి, సర్టిఫికేషన్ వాళ్ళ ఇష్టం. అలాంటప్పుడు రైతుకు మిగిలే ఆధారం ఆ లేబులే.

ఆ ఆధారం మా చేతిలో ఎంతసేపు ఉంటుందో చూడండి. ట్యాగును సంచి మూతికి కలిపి కుడతారు. విత్తనం నానబెట్టడానికి దారం లాగితే ట్యాగు ఊడి ఎక్కడో బురదలో పడుతుంది. దాచుకుందామన్నా, చాలావాటి మీద అక్షరాలు ఇంగ్లిషులో, చీమ తలకాయంత. ఖాళీ సంచి వారం తిరిగేసరికి ఇంకో పనికి వెళ్ళిపోతుంది.

మొలక రాకపోతే అయిదారు రోజుల్లో తెలిసిపోతుంది, అప్పటికి సంచి ఇంకా ఇంట్లోనే ఉంటుంది. రకం కల్తీ అలా కాదు. ఆకుమడిలో అన్నీ పచ్చగానే ఉంటాయి, ఉభాలప్పుడూ తెలియదు, ఎరువు వేసినప్పుడూ తెలియదు. 150 రోజుల స్వర్ణ వరి విత్తనంలో 120 రోజుల ఎంటీయూ 1010 రకం కలిసిందనుకోండి, మూడు నెలలు నిండే వేళకు చేలో అక్కడక్కడా ముందే వెన్ను తీస్తుంది. ఒకటి పండి రాలిపోతుంటే పక్క దుబ్బు ఇంకా పాలు పోసుకుంటూ ఉంటుంది. ఏది చూసి కోయాలి? అప్పటికి మదుపంతా మట్టిలో కలిసిపోయింది, మళ్ళీ చల్లుకునే అదను లేదు. వజ్రపుకొత్తూరు లాంటి వంశధార కాలువ శివారు ఊళ్ళలో అయితే నీళ్ళు కూడా ఉండవు.

మా పక్క ఊళ్ళో ఒక కౌలు రైతుకు సరిగ్గా ఇదే జరిగింది. వ్యవసాయాధికారి వచ్చారు, చేనంతా తిరిగారు, ఫొటోలు తీసుకున్నారు, కేళీలు (వేరే రకం మొక్కలు) బాగా ఉన్నాయని ఆయనే అన్నారు. తర్వాత లాట్ నంబరు అడిగారు. బిల్లు మీద ‘స్వర్ణ, 2 బస్తాలు’ అనీ, కింద డబ్బులూ తప్ప ఇంకేమీ లేదు. దుకాణం ఆయన ‘ఆ లాట్ మా దగ్గరికి రానేలేదు’ అన్నాడు. ఏ లాటో ఎవరికీ తెలియనప్పుడు, అది తన దగ్గరికి రాలేదని ఆయనకొక్కడికే ఎలా తెలిసిందో మరి. ఫిర్యాదు అక్కడితో ఆగిపోయింది. అధికారిని తప్పుపట్టను, కాగితం లేకుండా ఆయన మాత్రం ఏం రాస్తారు?

విత్తన ఇన్‌స్పెక్టర్ శాంపిల్ తీస్తే మూడు భాగాలు చేయాలని చట్టంలో ఉంది. ఒకటి ల్యాబుకు, ఒకటి ఎవరి దగ్గర తీశారో వాళ్ళకు, ఒకటి కేసు కోసం అధికారి దగ్గర. దుకాణంలో తీసిన శాంపిల్‌లో, అదే లాట్ కొని చల్లుకున్న రైతుకు భాగం లేదు. రైతు కూడా వినియోగదారుడే, నష్టపరిహారం కోసం వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి వినియోగదారుల కమిషన్‌కు) వెళ్ళవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అది అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసే. తీర్పు గొప్పదే, కానీ ‘స్వర్ణ, 2 బస్తాలు’ చీటీ పట్టుకుని ఏ ఫోరం మెట్లెక్కాలి? ఇక శిక్షల సంగతి. విత్తన చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయలకు మించదు. నిత్యావసర వస్తువుల చట్టం కింద ఏడేళ్ళ దాకా జైలుంది గానీ, దానికీ ముందు ఏ లాటో తేలాలి.

మందుల షాపులో తలనొప్పి మాత్రలకు బిల్లు అడిగితే బ్యాచ్ నంబరు, గడువు తేదీ కొట్టి ఇస్తారు. ఏడాది తిండికి ఆధారమైన విత్తనానికి ఆ మాత్రం లేదు.

ఇది కేంద్రం చట్టం, మన చేతిలో లేదని మీ శాఖలో ఎవరైనా అంటారేమో. లైసెన్సు ఇచ్చేది మీ శాఖే, ఇన్‌స్పెక్టర్లను వేసేది రాష్ట్రమే. పత్తి విత్తనాల సరఫరా, ధరల కోసం 2007లో సొంతంగా చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. పైగా దుకాణదారు కొన్నవాళ్ళకు బిల్లు ఇవ్వాలని, స్టాకు, ధరల బోర్డు పెట్టాలని 1983 ఉత్తర్వులోనే ఉంది. ఆ బిల్లులో మూడు గళ్ళు పెంచమంటున్నాను.

కేంద్రం 2023లో సాథీ పోర్టల్ పెట్టింది, సంచి మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే విత్తనం పుట్టుపూర్వోత్తరాలు వస్తాయంటున్నారు. మంచిదే. బటన్ ఫోను వాడే మా పెద్దనాన్న ఏం స్కాన్ చేస్తాడు? రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులు ఎలాగూ పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఏ సర్వే నంబరులో ఏ పంటో ఎక్కిస్తున్నారు. అక్కడే విత్తనం లాట్ నంబరుకు ఒక గడి పెట్టండి. ట్యాగు పోయినా, బిల్లు చిరిగినా అది ఉంటుంది. కౌలు రైతు పేరు మీదే ఎక్కించాలని ప్రత్యేకంగా చెప్పండి, లేకపోతే అది కూడా భూమి యజమాని ఖాతాలోకే పోతుంది.

విడి అమ్మకాల మాట కూడా. వరి కోతల ముందు చల్లే మినుము, పెసర, మెట్టలో వేసే నువ్వులు మా దగ్గర కిలో, రెండు కిలోలు కొనేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ కోసం దుకాణంలో బస్తా విప్పి తూచి ఇస్తారు. ఆ క్షణంలో లేబుల్ పోయినట్టే. చిన్న ప్యాకెట్లు తప్పనిసరి చేయండి, కనీసం విప్పిన బస్తా ట్యాగు వివరాలు ఆ బిల్లులో రాయించండి. అయితే ఈ పేరు చెప్పి, శ్రీకాకుళం సన్నాలు అనే వరి రకం బాగా పండిందని పక్కింటాయన దగ్గర రెండు కుంచాలు మార్చుకునే రైతు జోలికి మాత్రం పోకండి. బ్రాండు పెట్టకుండా సొంత విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కని 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం చెబుతోంది.

చిన్న దుకాణదారులు ఇది అదనపు భారమంటారు. నిజానికి లాట్ నంబరు రాసి ఉంటే తప్పు ఏ కంపెనీదో పైకి వెళ్ళి తేలుతుంది, ఊళ్ళో తిట్లు తినే బాధ వాళ్ళకు తప్పుతుంది. మే నెలలో ఖరీఫ్ విత్తనం దుకాణాలకు దిగకముందే ఉత్తర్వు ఇవ్వండి. దాని తెలుగు ప్రతిని ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటించమనండి.

ఇట్లు,
ఒక వరి రైతు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా