ఆ మాటను బెదిరింపు అనుకోవద్దు
టీనేజీ పిల్లల ఆత్మహత్యలను పరీక్షల కాలపు వార్తగా చదివి వదిలేయడం మనం మానుకోవాలి. 2021లో ప్రపంచవ్యాప్తంగా 15–29 ఏళ్ల వారి మరణాలకు మూడో ప్రధాన కారణం ఆత్మహత్యేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చెబుతున్నాయి. 20 ఏళ్లుగా హైస్కూలులో పాఠాలు చెబుతున్నాను. కుంగిపోయిన పిల్లలు ఏడుస్తూ మన దగ్గరకు రారు. కలివిడిగా తిరిగే పిల్ల ఉన్నట్టుండి వెనక బెంచీకి మారుతుంది, ఆటలు మానేస్తుంది, అపురూపంగా దాచుకున్న వస్తువులు పంచేస్తుంది, ‘నేను లేకపోతే మీకే హాయి’ అంటుంది. ఆ మాట ఇంట్లో బెదిరింపుగా, బడిలో నాటకంగా వినిపిస్తుంది. ఒకసారి మా విద్యార్థిని ఒకరి విషయంలో నేనూ అలాగే పొరబడ్డాను. వాళ్ల అమ్మమ్మ పక్కన కూర్చుని ఓపిగ్గా వినబట్టే ఆ పిల్ల మాకు దక్కింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయానికి ఆధారం లేదు. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నెమ్మదిగా, సూటిగా అడగాలి. అవునంటే తిట్టకుండా, ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి. ప్రతి పాఠశాలలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించాలి. మార్కుల చుట్టూనే తిరిగే తల్లిదండ్రుల సమావేశాల్లో సగం సమయం పిల్లల మనసుకు కేటాయించాలి. ఫలితాలు వచ్చే వారంలో తప్పిన ప్రతి విద్యార్థి ఇంటికీ క్లాసు టీచరు స్వయంగా ఫోన్ చేయాలి.