విషయం: కేప్‌టౌన్ టేబుల్ మౌంటెన్ హైకింగ్‌లో సేవాలోపం, డబ్బు వాపసు గురించి

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం, హైదరాబాద్.

నమస్కారం.

సంక్రాంతి సెలవుల్లో మీ దక్షిణాఫ్రికా టూర్‌కు వచ్చిన కూకట్‌పల్లి మార్నింగ్ వాక్ గ్రూపు 14 మంది తరఫున రాస్తున్నాను. జనవరి 22న నేను పంపిన ఈమెయిల్‌కు మీ ఆఫీసు నుంచి మూడు ముక్కల జవాబు వచ్చింది. వాతావరణం మీ చేతుల్లో లేదట, అసౌకర్యానికి చింతిస్తున్నారట, తర్వాతి టూర్‌లో మనిషికి వెయ్యి రూపాయలు తగ్గిస్తారట. అయ్యా, మేం గాలి మీద ఫిర్యాదు చేయలేదు, మీ మీద చేశాం. మొదటిసారి సరిగ్గా చెప్పలేదేమోనని ఈసారి వివరంగా రాస్తున్నాను.

ప్యాకేజీలో లేని ఈ ఒక్కరోజు హైకింగ్‌కు మనిషికి 9,500 రూపాయలు విడిగా కట్టించుకున్నారు. ప్లాటెక్లిప్ గార్జ్ దారిలో పైకి నడక, పైన భోజనం, కేబుల్ కారులో కిందికి దింపడం, వెంట ఇద్దరు గైడ్లు. రసీదు మీద ఇవన్నీ ఉన్నాయి. మోకాళ్ల సంగతి అడిగితే మీ బ్రాంచిలో అమ్మాయి "అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళకి ఇదో లెక్కా ఆంటీ" అంది. నిజమే, ఆ 3,550 మెట్లూ మేమంతా ఎక్కినవాళ్ళమే. కానీ తిరుమల నుంచి దిగేటప్పుడు మేం బస్సు ఎక్కుతాం. మాలో ఆరుగురికి అరవై దాటాయి. ఈ వయసులో ఎక్కడానికి ఆయాసం వస్తుందేమో గానీ, మోకాళ్లు పోయేది దిగేటప్పుడే. అక్కడ కేబుల్ కారు ఉందన్న ధైర్యంతోనే డబ్బు కట్టాం.

జనవరి 17న పొద్దున ఆరున్నరకు హోటల్‌కు రావాల్సిన వ్యాను 9:10కి వచ్చింది. (ఈ టైములన్నీ మా గ్రూపులోని రిటైర్డ్ లెక్కల మాస్టారు జేబు డైరీలో ఎప్పటికప్పుడు రాసుకున్నవి.) కేప్‌టౌన్‌లో జనవరి అంటే నడి వేసవి. పైగా దక్షిణార్ధగోళం కాబట్టి ఎండ ఉత్తరం వైపు నుంచి కొడుతుంది. ప్లాటెక్లిప్ దారి ఉన్నదీ ఆ ఉత్తరపు ముఖం మీదే. పొద్దున్నే బయలుదేరమని ఊరికే అనరు.

గైడ్ ఒక్కడే వచ్చాడు, పాతికేళ్ల కుర్రాడు. రెండో అతను దారిలో కలుస్తాడన్నాడు, సాయంత్రం దాకా కలవలేదు. కేబుల్ కారు స్టేషన్ దగ్గర దిగి చూస్తే పైన తీగలు ఖాళీగా ఊగుతున్నాయి. ఇంకా తెరవలేదేమో అని అమాయకంగా అనుకున్నాం. అడిగితే "మధ్యాహ్నానికి మొదలవుతుంది" అన్నాడు. వేసవిలో అక్కడ ఆగ్నేయం నుంచి పెద్ద గాలి వీస్తుందనీ, దాన్ని కేప్ డాక్టర్ అంటారనీ, ఒక్కోసారి రోజుల తరబడి వదలదనీ, గాలి ఎక్కువైతే కేబుల్ కారు ఆపేస్తారనీ మాకు తర్వాత తెలిసింది. ఆ ఊళ్ళో అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయమట. కేబుల్ కారు నడుస్తోందో లేదో దాని వెబ్‌సైట్‌లోనే చెబుతారు. ఆ రోజు మూసేశారని మీ కేప్‌టౌన్ ఏజెంటు పొద్దున ఏడింటికే మీ టూర్ మేనేజర్‌కు మెసేజ్ పెట్టాడు. సాయంత్రం ఆ ఏజెంటే ఫోన్ తీసి మాకు చూపించాడు. అంటే మేం కొండ ఎక్కడం మొదలుపెట్టడానికి మూడు గంటల ముందే మీకు తెలుసు.

ఆ తర్వాత దారి మార్చారు. ప్లాటెక్లిప్ మొదలయ్యే చోటికి స్టేషన్ నుంచి రోడ్డు మీద కిలోమీటరుకు పైగా నడవాలి. ఆలస్యమైంది కదా అని గైడ్ స్టేషన్ పక్కనుంచే పైకి పోయే ఇండియా వెన్‌స్టర్ దారి పట్టించాడు. వెన్‌స్టర్ అంటే కిటికీ అట. రాళ్ల మధ్య సందు మన దేశం మ్యాపులా కనిపిస్తుందని ఆ పేరు పెట్టారంటారు. ఇండియా పేరు వినగానే మావాళ్ళు మురిసిపోయారు, దాచడం ఎందుకు. ఆ దారిలో బండలకు కొట్టిన ఇనుప కొక్కేలూ గొలుసులూ పట్టుకుని పాకాలని అతను చెప్పలేదు. హెచ్చరిక బోర్డు చూసి మేం ఐదుగురం ఆగిపోయాం. "మీరు రోడ్డు మీదే వెళ్ళండి, ప్లాటెక్లిప్ బోర్డు కనిపిస్తుంది, పైన కలుద్దాం" అని మమ్మల్ని పంపేసి, మిగతా తొమ్మిది మందితో వెళ్ళిపోయాడు. పరాయి దేశం, గైడ్ లేడు, ఐదుగురికి నాలుగు వాటర్ బాటిళ్లు.

దారి మాత్రం తప్పలేదు. రాళ్లతో కట్టిన మెట్లు, ఒక్కోటి మోకాలి ఎత్తు, పైకి దాదాపు 700 మీటర్లు. అలిపిరి దారిలోలాగా పైన కప్పు, అడుగడుగునా నీళ్లు, మజ్జిగ అమ్మేవాళ్ళు ఎవరూ ఉండరు. పైకి చేరేసరికి 2:20. తొమ్మిది మందీ అప్పటికే వచ్చి ఉన్నారు, ఇద్దరికి అరచేతులు గీసుకుపోయాయి. గాలి ధాటికి నిలబడలేకపోయాం. సముద్రం మీది తేమను ఆ గాలి కొండ మీదికి తోస్తే అది మేఘమై, టేబుల్ మీద పరిచిన గుడ్డలా అంచు మీంచి జారుతుంది. ఫొటోల్లో చాలా బాగుంటుంది. దాని లోపల నిలబడితే పది అడుగుల దూరంలో మనిషి కనిపించడు, చలికి పళ్లు కొట్టుకుంటాయి. మాకెవరూ జాకెట్ తెచ్చుకోమని చెప్పలేదు. భూమి వంపును కొలిచే పనికోసం థామస్ మెక్లియర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు పేర్పించిన రాళ్ల గుట్ట ఆ కొండ మీద, 1,086 మీటర్ల ఎత్తున ఉంది. అది చూడాలనే మా మాస్టారు ఈ టూర్‌కు వచ్చారు. ఆ మబ్బులో అటు వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కేబుల్ కారు లేకపోతే పైన కేఫ్ కూడా తెరవరు. కాబట్టి మీరు రాసిచ్చిన భోజనం లేదు, నీళ్లూ లేవు. మళ్ళీ అవే మెట్లు దిగాం. సగం దారిలో మా గ్రూపంతా పిన్నిగారు అని పిలిచే 66 ఏళ్ల ఆవిడ కాలు మడతపడింది. ఎవరో కాలేజీ పిల్లలు రెండు బాటిళ్ల నీళ్లిచ్చి, చెరో వైపు పట్టుకుని దించారు. రోడ్డు మీదికి వచ్చేసరికి 7:40, పొద్దు గుంకడానికి ఇంకాసేపే ఉంది. వ్యాన్ డ్రైవర్ మాత్రం మమ్మల్ని వదిలిపోకుండా కాచుకుని ఉన్నాడు, ఆయనకు మా కృతజ్ఞతలు చెప్పండి. గైడ్ కుర్రాణ్ణి పనిలోంచి తీసేయమని మేం అడగడం లేదు. 14 మందిని ఒక్కడి నెత్తిన పెట్టింది మీరు.

ఆ రోజు పొద్దున "కేబుల్ కారు లేదు, దిగడం కూడా నడకే, వస్తారా మానేస్తారా" అని ఒక్క మాట అడిగి ఉంటే మాలో సగం మంది హోటల్లోనే ఉండిపోయేవాళ్ళం. మిగతావాళ్ళు తెలిసి వెళ్ళేవాళ్ళు, అప్పుడు ఈ ఉత్తరం ఉండేది కాదు.

కాబట్టి మాకు రావాల్సింది: 14 మందికి 9,500 చొప్పున 1,33,000 రూపాయలు, పిన్నిగారి క్లినిక్, ఎక్స్‌రే, టాక్సీ ఖర్చులు 11,240, మొత్తం 1,44,240 రూపాయలు. వెయ్యి రూపాయల డిస్కౌంట్ మీరే ఉంచుకోండి. దాంతోపాటు, గాలి ఎక్కువైతే కేబుల్ కారు నడవదనీ, అప్పుడు నడిచే దిగాలనీ మీ బ్రోచర్‌లో తెలుగులో, కనిపించే అక్షరాలతో వేయండి. వచ్చే సంక్రాంతికి బుక్ చేసుకునేవాళ్ళలో మా వయసువాళ్ళు ఉంటారు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాం, ఆపైన వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. 2019 చట్టం ప్రకారం మేం ఉండే చోటే వేయొచ్చని మాస్టారు కనుక్కుని వచ్చారు. రసీదులు, క్లినిక్ బిల్లులు, మాస్టారి డైరీ పేజీల జిరాక్సులు జతచేస్తున్నాను. ఏజెంటు చూపించిన మెసేజ్ ఫొటో కూడా ఉంది, టైము స్పష్టంగా కనిపిస్తుంది.

ఇట్లు,
కూకట్‌పల్లి మార్నింగ్ వాక్ గ్రూపు తరఫున,
బుకింగ్ చేసిన సభ్యురాలు