ఉత్తుత్తి షేర్ల పోటీ: గెలిచే ఎత్తులు, మార్చాల్సిన నిబంధనలు

సంపాదకులకు నమస్కారం.

కళాశాలల కామర్స్, మేనేజ్‌మెంట్ విభాగాలు స్నేహపూర్వకంగా పెట్టే ఉత్తుత్తి షేర్ల పోటీల గురించి ఈ లేఖ. జట్టుకు 10 లక్షల ఉత్తుత్తి రూపాయలు ఇస్తారు, వాటితో అసలు మార్కెట్ ధరలకు షేర్లు కొని అమ్మాలి. ఆట నాలుగు వారాలు, అంటే సుమారు 20 ట్రేడింగ్ రోజులు. చివరి రోజు ఎవరి ఖాతా విలువ ఎక్కువుంటే వాళ్లదే గెలుపు. పిల్లలకు పెద్దలు ఇచ్చే సలహా మాత్రం ఎప్పుడూ ఒకటే: మంచి కంపెనీలు పదిహేను ఎంచుకోండి, డబ్బు సమంగా పంచండి, ఓపిక పట్టండి. సొంత డబ్బుకు ఇంతకు మించిన సలహా లేదు. ఈ ఆటలో మాత్రం ఆ దారి నడిమి స్థానానికి తీసుకెళ్లి వదిలేస్తుంది.

లెక్క చూడండి. నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ప్రామాణిక విచలనం, అంటే ఫలితం సగటు నుంచి అటూ ఇటూ ఊగే కొలత, ఏడాదికి 15 శాతం అనుకుందాం. 12 వర్గమూలంతో భాగిస్తే నెలకు 4 శాతం పైచిలుకు వస్తుంది. పదిహేను పెద్ద షేర్లు కొన్న జట్టు ఫలితం ఇంచుమించు ఈ పరిధిలోనే తిరుగుతుంది. ముప్పై జట్లున్న పోటీలో మొదటి స్థానం రావాలంటే సగటు కంటే సుమారు రెండు విచలనాలు పైనుండాలి. కాలం బాగా కలిసొచ్చినా ఈ జట్టు 8, 9 శాతం దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు ఏడాదికి 40 శాతం ఊగే షేర్లు నాలుగు తీసుకోండి. ఒక్కోటి నెలకు 11.5 శాతం ఊగుతుంది. నాలుగింటిలో పావు వంతు చొప్పున పెడితే మొత్తం ఎంత ఊగుతుందన్నది అవి ఏ రంగాలవన్న దాన్ని బట్టి ఉంటుంది. వేర్వేరు రంగాలవై, వాటి మధ్య సహసంబంధం (ఎంత కలిసి కదులుతాయన్న కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.2 ఉంటే 7 శాతం. ఒకే రంగంవై, 0.7 ఉంటే 10 శాతం. ఆ జట్టుకు రెండు విచలనాలంటే 20 శాతం. అందుకే గెలవాలనుకునే జట్టు నాలుగూ ప్రభుత్వ బ్యాంకులవే, లేదా నాలుగూ లోహాల కంపెనీలవే, లేదా నాలుగూ రియల్ ఎస్టేట్ కంపెనీలవే పట్టుకుంటుంది. 20 శాతం పైకి వెళ్లగలిగింది 20 శాతం కిందికీ పోగలదు, ఆఖరి స్థానమూ అంతే దగ్గర. కానీ పదిహేనో స్థానానికీ ముప్పయ్యో స్థానానికీ తేడా చూపని పోటీలో ఆ భయం ఎవరికీ ఉండదు. ఇది పిల్లల తప్పు కాదు, మార్కులు వేసే పద్ధతి నేర్పిన తెలివి.

ఆ తెలివి కూడా నిబంధనల కాగితం చదివిన వాళ్లకే పనికొస్తుంది. ఒక షేరులో గరిష్ఠంగా ఎంత పెట్టొచ్చు, షార్ట్ సెల్లింగ్ (చేతిలో లేని షేరును ముందు అమ్మి తర్వాత కొనడం) ఉందా, ఆర్డరు ఏ ధరకు అమలవుతుంది, చివరి లెక్క ఏ ధరతో కడతారు, ఖాళీగా ఉన్న డబ్బుకు వడ్డీ ఉందా, బ్రోకరేజీ (కొన్నా అమ్మినా కట్టే రుసుము) ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు తెలియకుండా మొదటి షేరు కొనకూడదు. బ్రోకరేజీని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కొన్నప్పుడు 0.1, అమ్మినప్పుడు 0.1 శాతమే కదా అనిపిస్తుంది. 10 లక్షల ఖాతాను రోజూ పూర్తిగా అమ్మి మళ్లీ కొంటే రోజుకు 2,000 రూపాయలు పోతాయి. 20 రోజులకు 40,000. మార్కెట్ సగటున ఒక నెలలో ఊగే మొత్తం బ్రోకరేజీ కిందే హరించుకుపోయినట్టు లెక్క.

తర్వాత క్యాలెండర్. ధరల్ని గట్టిగా కదిపే తేదీలు చాలావరకు ముందే తెలుస్తాయి. త్రైమాసిక ఫలితాల కాలం జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు రెండో వారం నుంచి ఊపందుకుంటుంది. సాధారణంగా టీసీఎస్ ముందువరసలో ఉంటుంది, మిగతా ఐటీ కంపెనీలు వెంటనే వస్తాయి. ఫలితాలకు కూర్చునే బోర్డు సమావేశం తేదీని కంపెనీ ముందుగానే ఎక్స్ఛేంజీలకు తెలియజేయాలి, ఎవరైనా చూసుకోవచ్చు. రిజర్వు బ్యాంకు పరపతి సమీక్ష (వడ్డీ రేట్లపై నిర్ణయం) తేదీలూ ముందే ప్రకటిస్తారు. వాటికి బ్యాంకులు, వాహనాలు, రియల్ ఎస్టేట్ షేర్లు స్పందిస్తాయి. ఆట గడువులో పడే తేదీలను కాగితం మీద రాసుకుని, ఏ రోజు ఏ రంగంలో ఉండాలో మొదటి రోజే నిర్ణయించుకున్న జట్టు, టీవీ చూసి పరుగెత్తే జట్టు కంటే బ్రోకరేజీ తక్కువ కడుతుంది. ఒక జాగ్రత్త: ఫలితాలు చాలాసార్లు మధ్యాహ్నం 3:30కి మార్కెట్ మూశాక వస్తాయి. మర్నాడు 9:15కి షేరు 7 శాతం కింద తెరుచుకుంటే, 5 శాతం దగ్గర పెట్టిన స్టాప్ లాస్ (ధర అంత పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డరు) మిమ్మల్ని 5 దగ్గర కాపాడదు, 7 దగ్గర అమ్మేస్తుంది.

బోనస్, షేర్ల విభజన తేదీల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఉన్న షేర్లకు ఉచితంగా అదనపు షేర్లు ఇస్తే బోనస్, ఒక షేరును ముక్కలు చేస్తే విభజన; రెండింటిలోనూ షేర్ల సంఖ్య పెరిగి, ధర ఆ మేరకు తగ్గుతుంది. రిలయన్స్ 2024 అక్టోబరు 28న ఒకటికి ఒకటి బోనస్ లెక్కన ట్రేడయింది. అంతకు ముందు ట్రేడింగ్ రోజు 2,650 దరిదాపుల్లో ఉన్న షేరు ఆ రోజు 1,330 దరిదాపుల్లో తెరుచుకుంది. ఒక జట్టు తన పావు వంతుతో 2,650 చొప్పున 94 షేర్లు కొన్నదనుకోండి, 2,49,100 రూపాయలు. నిజమైన డీమ్యాట్ ఖాతాలో కొద్ది రోజుల్లో అవి 188 షేర్లవుతాయి, విలువ 2,50,000 దగ్గరే ఉంటుంది. షేర్ల సంఖ్య సర్దని ఆటలో అవి 94గానే ఉండిపోతాయి, తెర మీద విలువ 1,25,020 అని కనిపిస్తుంది. ఏ తప్పూ చేయని జట్టు ఒక్క రోజులో మొత్తం ఖాతాలో 12 శాతం పోగొట్టుకున్నట్టు చూపుతుంది. కాబట్టి ఆడేవాళ్లు గడువులో ఎక్స్ డేట్ (తగ్గిన కొత్త ధరతో ట్రేడింగ్ మొదలయ్యే రోజు) ఉన్న షేర్ల జోలికి పోకపోవడం మేలు. నిర్వాహకులు ఆ తేదీన షేర్ల సంఖ్యను చేత్తోనైనా సరిచేయాలి.

చివరి వారం ఆట వేరు. 3 శాతం ముందున్న జట్టు భయపడి అంతా అమ్మేసి నగదులో కూర్చుంటుంది. ఇది పొరపాటు. వెనకున్న వాళ్ల దగ్గర షేర్లున్నాయి, మార్కెట్ పెరిగితే వాళ్లే పెరుగుతారు. వారానికి 5 శాతం ఊగే ఖాతా ఉన్న ఒక్క ప్రత్యర్థికే ఆ 3 శాతం దాటే అవకాశం నాలుగింట ఒక వంతుకు పైగా ఉంటుంది. అలాంటి ప్రత్యర్థులు ముగ్గురుంటే ఆధిక్యం నిలవడం కష్టం. ఖాతాలు అందరికీ కనిపించే ఆటలో రెండో స్థానం జట్టు ఏం పట్టుకుని ఉందో అదే తానూ పట్టుకోవాలి. అప్పుడు పెరిగినా తగ్గినా ఇద్దరూ కలిసే కదులుతారు, దూరం అలాగే ఉంటుంది. ఖాతాలు కనిపించకపోతే నిఫ్టీ బీస్ లాంటి ఇండెక్స్ ఈటీఎఫ్‌లోకి (సూచీలోని షేర్లన్నిటినీ ఒకే షేరులా కొనే ఫండ్‌లోకి) మారడం నగదు కంటే భద్రం. 8 శాతం వెనకబడిన జట్టు దీనికి సరిగ్గా తిరగేసి ఆడాలి. ముందున్న జట్టు దగ్గరున్న షేర్లనే పట్టుకుని దాన్ని దాటడం అసాధ్యం, వాళ్ల దగ్గర లేని రంగంలోకే వెళ్లాలి.

ఇంతవరకు చెప్పినవి న్యాయమైన ఎత్తులు. ఆట నిర్మాణంలోని లోపంతో గెలిచే దారులు రెండున్నాయి. నిర్వాహకులు వాటిని మూయకపోతే పోటీకి అర్థం ఉండదు.

మొదటిది అప్పర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో షేరు పెరగడానికి ఎక్స్ఛేంజీ పెట్టిన గరిష్ఠ హద్దు. చిన్న షేరు 5 శాతం సర్క్యూట్ తాకి ఆగిపోయిందంటే అక్కడ కొనేవాళ్లే తప్ప అమ్మేవాళ్లు లేరని అర్థం. అసలు మార్కెట్లో మీ ఆర్డరు క్యూలో పడి ఉంటుంది. ఆట సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలియదు, చివరి ధరకు ఎన్ని షేర్లడిగినా ఇచ్చేస్తుంది. రోజూ 5 శాతం చొప్పున పది రోజులు సర్క్యూట్ కొట్టే షేరు 63 శాతం పెరుగుతుంది. ఎవరికీ దొరకని షేరు కొన్న జట్టు కప్పు ఎత్తుకుంటుంది, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎగదోసే షేర్ల వెంట పడటం పిల్లలకు అలవాటవుతుంది. నిఫ్టీ 100 (వంద పెద్ద కంపెనీల సూచీ) షేర్లకే ఆటను పరిమితం చేస్తే ఈ దారి దాదాపు మూసుకుపోతుంది.

రెండోది ధరల ఆలస్యం. ఆట తెర 15 నిమిషాలు వెనకుంటే, ఫోన్లో లైవ్ ధర చూసుకుంటూ పెరిగిన షేరును పాత ధరకు కొనడం నష్టభయం లేని లాభం. ఎక్స్ఛేంజీలు, బ్రోకర్లు ఇలాంటి ఆటలకు లైవ్ ధరలు ఇవ్వకూడదని, విద్యావసరాలకు ఒక రోజు ఆలస్యంతో ఇవ్వొచ్చని, పాల్గొన్నవారికి డబ్బు ప్రోత్సాహకం ఉండకూడదని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 మేలో సర్క్యులర్ ఇచ్చింది. పోటీ పెట్టే కళాశాలలు దాన్నీ, తర్వాత వచ్చిన ఉత్తర్వులనూ చదివి తీరాలి, నగదు బహుమతుల ఆలోచన మానాలి. ధర ఆలస్యంగా వచ్చినా ఆట చెడకుండా ఉండాలంటే ఒక మార్గముంది. ఈ రోజు సాయంత్రంలోగా ఇచ్చిన ఆర్డరును రేపటి ముగింపు ధరకే అమలు చేయాలి. ఆ ధర ఎవరికీ ముందు తెలియదు కాబట్టి ఫోన్ చూసుకుని ప్రయోజనం లేదు. ఇంకా మేలైనది, పాత సంవత్సరాల ధరలను కంపెనీ పేర్లు, తేదీలు దాచి ఒక్కో రోజును ఐదు నిమిషాల్లో నడపడం. ఒక మధ్యాహ్నంలో 20 రోజుల ఆట పూర్తవుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నామంటే, ఆటలో నేర్చిన దూకుడు ఆటతో ఆగదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేర్లు, సూచీల రాబోయే ధర మీద కుదుర్చుకునే ఒప్పందాలు) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనమే తేల్చింది. నాలుగు షేర్లతో 20 శాతం తెచ్చి చప్పట్లు కొట్టించుకున్న కుర్రవాడు, తర్వాత చూసేది ఆ ఆప్షన్ల వైపే.

అందుకే మార్కుల పద్ధతి మారాలి. మా సూచన ఇది: మొత్తం లాభ శాతం నుంచి, ఆట మధ్యలో ఖాతా తన గరిష్ఠ విలువ నుంచి పడిపోయిన అతి పెద్ద పతనంలో సగం తీసేయాలి. ఒక జట్టు 18 శాతం లాభం తెచ్చింది, మధ్యలో 20 శాతం పడింది: 18లోంచి 10 పోతే 8. ఇంకో జట్టు 11 శాతమే తెచ్చింది, 4 శాతానికి మించి పడలేదు: 11లోంచి 2 పోతే 9. రెండో జట్టు గెలుస్తుంది. రోజువారీ ముగింపు విలువలు ఎక్సెల్ షీట్‌లో ఉంటే ఈ లెక్క పది నిమిషాల పని. సూత్రాన్ని మాత్రం ఆట మొదలవక ముందే నోటీసు బోర్డులో పెట్టాలి. ఒక షేరుకు 10 శాతం, ఒక రంగానికి 30 శాతం పరిమితి కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

ఇట్లు,
కామర్స్ అధ్యాపకులు,
గుంటూరు