ఆరు వేల కోట్ల చందా ఎవరి కోసం?

సంపాదకులకు నమస్కారం.

కేంద్ర ప్రభుత్వపు ‘వన్ నేషన్ - వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆకాశానికెత్తుతూ పోయినవారం మీరు వేసిన వ్యాసం చదివి ఊరుకుందామనుకున్నాను, మనసొప్పలేదు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు కేంద్రం కట్టే చందాతో దాదాపు 13 వేల జర్నళ్లు (పరిశోధన పత్రికలు) అందుతాయట, సంతోషం. మూడేళ్లకు రూ.6,000 కోట్లన్న ముక్క మాత్రం ఎక్కడో అడుగున పడేశారు. ఆ సొమ్ము చేరేది 30 ప్రచురణ సంస్థలకు. వాటిలో పెద్ద పెద్దవన్నీ విదేశాలవే.

ఇంతకీ ఆ జర్నళ్లకు రాసిచ్చేదెవరండీ? సర్కారు జీతమో ఫెలోషిప్పో తీసుకునే మన ప్రొఫెసర్లు, స్కాలర్లు కూడా. ఇతరుల వ్యాసాల్లో తప్పొప్పులు చూసిపెట్టేదీ వీళ్లే, చాలామటుకు పైసా పుచ్చుకోకుండా. తీరా అచ్చయ్యాక మన లైబ్రరీయే చందా కట్టి కొనుక్కోవాలి! అందరూ ఉచితంగా చదవాలంటే రాసినవాడే ఎదురు డబ్బు కట్టాలి, కొన్ని జర్నళ్లకైతే లక్షల్లో. దానికీ ఈ పథకంలో ఏటా రూ.150 కోట్లు తీసిపెట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన జనానికి ఉచితంగా అందాలని కేంద్ర సైన్స్, బయోటెక్నాలజీ విభాగాలు 2014లోనే విధానం ప్రకటించాయి. ఆ ఫైలు ఏ బీరువాలో నిద్రపోతోందో! బ్రెజిల్ 1998లోనే ‘సైలో’ అనే ఆన్‌లైన్ వేదిక పెట్టి తన జర్నళ్లను ప్రపంచమంతటికీ తెరిచేసింది.

మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది చదివేది ప్రైవేటు కాలేజీల్లో. ఈ పథకం మొదటి దశలో వాళ్లకు చోటే ఇవ్వలేదు. వాళ్ల తల్లిదండ్రులు పన్నులు కట్టడం లేదా? ‘వన్ నేషన్’లో వాళ్లు లేరా?

పన్నులంటే గుర్తొచ్చింది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తారు. అది గ్రంథాలయ సంస్థలకు చేరకుండా మున్సిపాలిటీల దగ్గరే బకాయి పడుతుంది. గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు విరిగిన కుర్చీల్లో సర్దుకుంటారు. అడిగితే ‘బడ్జెట్ లేదు’ అంటారు.

2027 డిసెంబరుతో ఈ మూడేళ్లూ అయిపోతాయి. తర్వాత ప్రచురణకర్తలు ఎంతంటే అంతకు తలూపడమేనా? ఏటా పోసే రెండు వేల కోట్లలో పదో వంతు మన యూనివర్సిటీలు, అకాడమీల సొంత జర్నళ్లకిచ్చి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా నడపమనవచ్చు కదా. ఉన్నత విద్యాశాఖలో ఈ లెక్క ఎవరైనా వేశారా? వేసి ఉంటే బయటపెట్టమనండి.

- ఒక విశ్రాంత కాలేజీ లైబ్రేరియన్, హనుమకొండ