దగ్గర రోడ్లకి కూడా మీ పేజీలో కాస్త చోటివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ప్రయాణాల పేజీ వచ్చిన రోజు నేను ముందు అదే తీస్తానండి, మిగతా వార్తలన్నీ తర్వాతే. బాగా రాస్తారు, ఫోటోలు కూడా బాగుంటాయి. కానీ బైక్ ప్రయాణం గురించి ఏదైనా వచ్చిందంటే అది కచ్చితంగా వేల కిలోమీటర్ల యాత్రే అయ్యుంటుంది, మంచు కొండలు, వారాల తరబడి సెలవులు, బండికి రెండు పక్కలా కట్టిన పెద్ద పెద్ద పెట్టెలు, ప్రతిసారీ ఇవే. చదివినవాళ్ళు "అబ్బ, మనకెప్పుడు కుదురుతుందో" అనుకుని పేజీ తిప్పేస్తారు. ఇంటి నుంచి గంట దూరంలో పొలాల మధ్య వంకర్లు తిరుగుతూ పోయే చిన్న రోడ్డు గురించి మాత్రం ఎవరూ రాయరు. ఆ రోడ్డు అందరికీ అందుబాటులో ఉన్నా, దాని మీదికి వెళ్ళేవాళ్ళు తక్కువ, అందుకే ఈ ఉత్తరం.

అసలు పెట్రోల్ ఇంజన్ పెట్టిన మొదటి మోటార్ సైకిల్ చేసిన ప్రయాణమే దగ్గర ప్రయాణం. 1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి చెక్క ఫ్రేముకి ఇంజన్ బిగించి ఒక బండి తయారుచేశారు, దాన్ని ఆ నవంబర్‌లో కాన్‌స్టాట్ నుంచి పక్కనే ఉన్న ఊరి దాకా నడిపారు. ఆ రెండూ ఇవాళ స్టుట్‌గార్ట్ సిటీలోనే కలిసిపోయి ఉన్నాయి, అంటే అంత దగ్గర. స్పీడు కూడా గంటకి 12 కిలోమీటర్ల దాకానే. అంత చిన్న ప్రయాణమే చరిత్రలో నిలిచిపోయింది కదా, మరి దగ్గర్లో తిరిగొచ్చేదాన్ని అసలు ప్రయాణమే కాదన్నట్టు ఎందుకు చూస్తామో నాకు అర్థం కాదు.

దగ్గర రోడ్డులో గొప్పేముంది అని అడిగేవాళ్ళుంటారు. కారులో అద్దాలెక్కించుకుని ఏసీ వేసుకుని పోతే నిజంగానే ఏమీ ఉండదు. బైక్ మీద నలభైలో వెళ్తే అదే రోడ్డు వేరుగా ఉంటుంది. సాయంత్రం ఎత్తు మీద నుంచి పల్లంలోకి దిగుతుంటే ఉన్నట్టుండి మోకాళ్ళకి చల్లగా తగులుతుంది, తర్వాత వేళ్ళకి, ఆ తర్వాత మెడకి. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందకి జారి వాగు పక్కన, చెరువు పక్కన లోతట్టులో చేరుతుంది, అందుకని వంతెన దాటి మళ్ళీ ఎత్తు ఎక్కగానే వెచ్చగా అయిపోతుంది. ఇది నిమిషంలో జరిగిపోతుంది, కారులో వాళ్ళకి అసలు తెలియనే తెలియదు. వాసనలు కూడా అంతే. కోత కోసిన పొలం ఒక వాసన, దున్నిన నేల ఇంకో వాసన, ఎండాక చినుకులు పడితే వచ్చేదాని సంగతి చెప్పక్కర్లేదు. నేలలో ఉండే ఒకరకం బాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది, చినుకు మట్టి మీద పడ్డప్పుడు చిన్న చిన్న గాలి బుడగలు పైకొచ్చి పగిలి దాన్ని గాల్లోకి చిమ్ముతాయి. మన ముక్కు దాన్ని లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా పట్టేస్తుందట, అందుకే వాన ఇంకా మన దాకా రాకముందే ముందెక్కడో పడుతోందని హెల్మెట్ లోపలికే తెలిసిపోతుంది.

ఇంకోటి, ఒక్కసారి చూసొచ్చే రోడ్డుకీ మళ్ళీ మళ్ళీ వెళ్ళే రోడ్డుకీ చాలా తేడా ఉంటుంది. దూరపు కొండ దారిని జీవితంలో ఒకసారి చూస్తాం, అది ఎలా ఉంటే అలాగే గుర్తుండిపోతుంది. దగ్గర రోడ్డు అలా కాదు, నాట్లప్పుడు ఒకలా కోతలప్పుడు ఒకలా, పొద్దున ఒక పక్క నీడ సాయంత్రం ఇంకో పక్క నీడ. వెళ్ళిన దారినే వెనక్కి వస్తే కూడా అది వేరే దారే, వెళ్ళేటప్పుడు చెట్ల వెనక దాక్కున్న గుట్ట వచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి ఉంటుంది. పైగా సెలవు పెట్టక్కర్లేదు, సామాను సర్దక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, మనసు బాగోలేని రోజు తాళం తీసుకుని బయల్దేరితే చీకటి పడేలోపు ఇంట్లో ఉండొచ్చు. ఇంత తేలిగ్గా దొరికే సంతోషం గురించి పేపర్లో రాయకపోతే ఇంక దేని గురించి రాస్తారండి.

అయితే ఒక విషయం గట్టిగా చెప్పాలి. దగ్గర రోడ్డే కదా అని హెల్మెట్ ఇంట్లో పెట్టి వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. హెల్మెట్ ఉంటే ప్రాణం పోయే ప్రమాదం దాదాపు 42 శాతం, తలకి దెబ్బ తగిలే ప్రమాదం దాదాపు 69 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఉంది. ఆ లెక్కకి రోడ్డు ఇంటికి ఎంత దూరమో అనవసరం. తెలిసిన రోడ్డు మీదే మనం చూడ్డం మానేస్తాం, నిన్న ఖాళీగా ఉన్న మలుపు ఇవాళ కూడా ఖాళీగానే ఉంటుందనుకుంటాం, ఈలోపు ఒక ట్రాక్టర్ పొలంలోంచి రోడ్డెక్కి టైర్లకంటిన తడి మట్టంతా మలుపు మధ్యలో రాల్చేసి పోయుంటుంది.

పల్లె రోడ్డు మలుపుని ముందే చదివే పద్ధతి ఒకటుంది, అనుభవమున్న రైడర్లందరికీ తెలుసు, కొత్తవాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పరు. ముందుకి చూస్తే రోడ్డు ఎడమ అంచు, కుడి అంచు ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి. మనం ముందుకి పోయేకొద్దీ ఆ చోటు కూడా దూరం జరుగుతోందంటే మలుపు విచ్చుకుంటోంది, హాయిగా వెళ్ళొచ్చు. అది కదలకుండా ఉండిపోయినా, మన మీదకి వచ్చేస్తున్నా మలుపు ఇంకా బిగుస్తోందని అర్థం, వెంటనే స్పీడు తగ్గించాలి. ఆ తగ్గించడం కూడా బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి, పక్కకి వంగాక మట్టి మీదో గులకరాళ్ళ మీదో ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టితే చక్రం జారిపోతుంది. కళ్ళు ఎటు చూస్తే బండి అటే పోతుంది కాబట్టి గుంతని చూస్తూ కూర్చోకూడదు, బయటపడే దారిని చూడాలి. ఇంక స్పీడు సంగతి, నలభైలో సెకనుకి 11 మీటర్లు పోతాం, ఎనభైలో 22 మీటర్లు. బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం మాత్రం రెండింతలు కాదు, నాలుగింతలు. పక్క డొంకలోంచి ఒక గేదె రోడ్డు మీదకి రావడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.

సాయంత్రాల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే అందరూ బయల్దేరేది ఆ వెలుగు కోసమే. పొద్దు మన వెనక ఉండి మన నీడ పొడుగ్గా ముందు రోడ్డు మీద పడుతుంటే మనకి అంతా బంగారంలా స్పష్టంగా కనిపిస్తుంది, కానీ ఎదురొచ్చేవాడి కళ్ళల్లో నేరుగా ఎండ కొడుతుంటుంది, వాడికి మనం కనిపించం. అసలే బైక్ చిన్నది, చిన్న వస్తువు ఎంత దగ్గర్లో ఉందో ఎంత స్పీడుగా వస్తోందో అంచనా వెయ్యడంలో కళ్ళు పొరపాటు పడతాయి. కాబట్టి మన నీడ ఎదుటి బండి వైపు పోతోందంటే వాడు మనల్ని చూడలేదనే అనుకుని నెమ్మది చెయ్యాలి.

ఇవన్నీ ఉపన్యాసం ఇద్దామని రాయలేదండి. దూర యాత్రల కథనాల్లో ఇవేవీ రావు, వాటిలో ఎక్కడ దిగాం ఏం చూశాం అనేదే ఉంటుంది. దగ్గర రోడ్డు గురించి రాస్తే చదివినవాడు వచ్చే ఆదివారమే నిజంగా వెళ్తాడు, అందుకని అతనికి పనికొచ్చేవి రాయాలి. నా కోరిక చిన్నది. నెలకోసారైనా ఆ పేజీలో అర కాలమ్ ఒక చిన్న రోడ్డుకి ఇవ్వండి. మీ విలేకరులు ప్రతి మండలంలో ఉంటారు, వాళ్ళకి తెలియని దారి ఉండదు, ఎక్కడికో పంపాల్సిన పని లేదు. రాసేటప్పుడు దారి ఎంత అందంగా ఉందో చెబుతూనే రోడ్డు పైభాగం ఎలా ఉంది, ఎక్కడ తారు పోయి కంకర తేలింది, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, ఆఖరి పెట్రోల్ బంకు ఎక్కడ, ఏ నెలల్లో వాగు రోడ్డు మీదకి వస్తుంది, ఇవి కూడా రాయించండి. పొలాల్లో పని చేసుకునేవాళ్ళకి ఆ రోడ్డు రోజువారీ దారి, హారన్లు మోగించుకుంటూ గుంపులుగా వచ్చి పడొద్దని, బళ్ళు పొలం గట్ల మీదకి ఎక్కించొద్దని కూడా రాస్తే బాగుంటుంది.

ఫోటోల విషయం మర్చిపోయాను. ఈ మధ్య బైక్ ఫోటో అంటే హెల్మెట్ లేకుండా చేతులు చాపి పోతున్న కుర్రాళ్ళవే వేస్తున్నారు, దయచేసి అవి ఆపండి. హెల్మెట్ పెట్టుకుని, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, చెట్ల కింద నెమ్మదిగా పోతున్న ఫోటో కూడా అందంగానే ఉంటుంది, మీ ఫోటోగ్రాఫర్లకి అది చేతకానిదేం కాదు.

ఇలాంటి రోడ్లు తెలిసిన పాఠకులు చాలామందే ఉంటారు, మీరు ఒక్క మాట అడిగితే వాళ్ళే రాసి పంపుతారు, మొదటిది నేనే పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పేపర్ రోజూ చదివే ఒక బైక్ రైడర్